గోడకు, నాకు నడుమ

నేను రోజూ పొద్దున్నే గోడకేసి తిరిగి కూర్చుంటాను. మానను. ఈ మాట ముందే రాసిపెడుతున్నాను. చివరిదాకా చదివి "పోనీలే, ముసలాయన దారికొచ్చాడు" అని ఎవరైనా సంతోషపడతారేమోనని నా అనుమానం. దారికి రాలేదు. వచ్చే ఉద్దేశమూ లేదు.

ఈ విద్య నాకు నేర్పింది ఒక జపాను గురువు. ఏడాది పాటు ఆయన పాదాల దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. ఆయన ఒక్క చూపు చూస్తే చాలు, నా వెన్నెముక దానంతటదే నిటారుగా లేచేది. మా ఊళ్లో ఎవరినడిగినా ఇదే చెబుతారు. ఎందుకు చెప్పరు, వాళ్లకు చెప్పింది నేనే కదా.

నిజం ఇంతకంటే పొట్టిది. ఆయన గురువు కాదు, పట్టుపురుగుల నిపుణుడు. కర్ణాటకలో, చింతామణి నుంచి శిడ్లఘట్ట పోయే దారిలో మా ఊరు. మా వైపు రైతులకు కొత్త జాతి పురుగుల్ని సాకడం చూపించడానికి పట్టు ఇలాఖా, అంటే సర్కారు పట్టు శాఖ వాళ్లు ఆయన్ను వెంటబెట్టుకుని తిరిగేవారు. మా పురుగుల ఇంటికి వరుసగా రెండు పొద్దులు వచ్చాడు. ఏడాది అని నేను చెప్పుకున్నది ఆ రెండు పొద్దులే. నా నోట్లో నాని నాని, శనగల్లాగా ఉబ్బి అంతయ్యాయి.

ఆయన వచ్చినప్పుడు పురుగులు జ్వరంలో ఉన్నాయి. ఈ జ్వరం సంగతి కొంచెం చెప్పాలి, తర్వాత పనికొస్తుంది. పట్టుపురుగు మేసి మేసి పెరుగుతుంది. తన చర్మం తనకే బిగుతయ్యేసరికి మేత మానేస్తుంది. తల పైకెత్తి, కదలక మెదలక, ఒక పగలూ ఒక రాత్రీ అట్లాగే నిలిచిపోతుంది. పాత చర్మం విడిచి బయటికొచ్చాక మళ్లీ ఆకు మీద పడుతుంది. ఒళ్లు వేడెక్కేదేమీ ఉండదు, పేరు మాత్రం జ్వరం. ఆ వేళ ఎవరూ పురుగుల తట్ట కదపకూడదు, ఆకు వేయకూడదు. తొందరపడి వేస్తే ముందు లేచినవి మేసి బలుస్తాయి, వెనక లేచినవి చిక్కిపోతాయి, పంటంతా ఎగుడుదిగుడవుతుంది. కాబట్టి అన్నీ లేచేదాకా మనిషి చేతులు కట్టుకుని కాచుకోవాలి. మా పనిలో అన్నిటికంటే కష్టమైన పని అదే, ఏమీ చేయకపోవడం.

ఆయనతో వచ్చిన ఇలాఖా మనిషి టీ తాగడానికి బయటికి పోయాడు. జపానాయన మూలనున్న గోనెపట్టా తీసుకుని, మడతలు పెట్టి, పిర్రల కింద వేసుకుని, సున్నం కొట్టిన గోడకేసి తిరిగి కూర్చున్నాడు. కూర్చున్నవాడు లేవడు.

"పాపం, ఊరు గ్యాపకమొచ్చి ఏడుస్తాండాడేమో," అన్నాను నా భార్యతో.

"ఏడిస్తే భుజాలు కదలవా? గమ్మునుండు," అంది ఆమె.

ఇలాఖా మనిషి తిరిగొచ్చాక అడిగించాను. అతను అడిగి, నవ్వి, "ఏమీ చేయడం లేదంటప్పా," అన్నాడు.

"ఏమీ చేయకుండా కూర్చునేదానికి జపాను నుంచి రావల్లనా? మా ఊళ్లోనే శానామంది ఉండారే!"

ఆ మాటను ఇలాఖా మనిషి ఎట్లా మార్చి చెప్పాడో తెలియదు. జపానాయన పకపకా నవ్వి, ఇంకో గోనెపట్టా మడిచి తన పక్కన వేసి దాని మీద చేత్తో తట్టాడు. మర్నాడు పొద్దున దాని మీద కూర్చున్నాను. మోకాళ్లు నేలకు ఆనాలి. నడుము నిటారు. కళ్లు మూయకూడదు, సగం వాల్చి గోడను చూడాలి. ఊపిరిని ఒకటి నుంచి పది వరకు లెక్కపెట్టాలి. నడుమ మనసు ఎటైనా పోతే మళ్లీ ఒకటి నుంచి మొదలు. అంతే విద్య.

మొదటి రోజే పదికి చేరాను అని రాయాలని చెయ్యి పీకుతోంది. మూడు దగ్గర మా ఎద్దు గుర్తొచ్చింది. మళ్లీ ఒకటి. మళ్లీ మూడు. మళ్లీ ఎద్దు.

ఆయన వెళ్లిపోయాడు. నేనూ ఆ సంగతి మరిచిపోయాను, చాలా ఏళ్లు. మల్బరీ తోట, ఎండిన బోర్లు, పిల్లల పెళ్లిళ్లు, ఎవరికి లేవు. మళ్లీ గుర్తొచ్చింది కరోనా బందులో. పట్టుగూళ్ల మార్కెట్టు గేట్లు మూశారు, బస్సులు లేవు, రచ్చకట్ట మీద నలుగురు కూడితే పోలీసులు. ఒకరోజు పొద్దున వసారాలో గోడకానుకుని కూర్చుని ఉన్నవాణ్ని, ఎందుకో ఇటు తిరిగి గోడను చూశాను. గోనెపట్టా తెచ్చుకున్నాను. అప్పటి నుంచి కూర్చుంటున్నాను. వీధిలో నాకు గోడసామి అని పేరు పెట్టారు. పెట్టుకోనీ. ఆ పేరుకు తగ్గట్టు ఒకసారి అరుగు మీది వాళ్లకు విభూతి బదులు గోడసున్నం గీకి పెట్టాను. తర్వాత ఎవరూ ప్రసాదం అడగలేదు.

"ఏ దేవుణ్ని తలుచుకుంటావప్పా?" అని అడుగుతారు.

"ఎవర్నీ లేదు."

"మరేమొస్తాది?"

"ఏమీ రాదు."

"అయితే ఏంటికి?"

"నువ్వు ఈ అరుగు మీద పొద్దస్తమానం కూర్చుంటాండావే, నీకేమొచ్చిందో చెప్పు, నాదీ చెప్తా."

ఊళ్లో ఈ జవాబుకు నా మీద కోపాలున్నాయి. ఉండనీ.

నిజానికి ఏమీ రాలేదనడం కూడా పూర్తి నిజం కాదు. నాకు కోపం పోయిందని నేను చెప్పుకుంటూ ఉంటాను. పోలేదు. పక్క తోటవాడి మేకలు మా మల్బరీలో పడితే ఇప్పటికీ కట్టె పట్టుకునే పోతాను. కానీ ఇదివరకు కోపమొచ్చిందని నాకు తెలిసేసరికి కట్టె విరిగి ఉండేది. ఇప్పుడు అది రావడం కనిపిస్తుంది. మలుపు దగ్గర దుమ్ము లేపుకుంటూ వచ్చే బస్సును చూసినట్టు చూస్తాను. ఎక్కడమా మానడమా నా చేతిలో ఉంటుంది. చాలాసార్లు ఎక్కుతాను. అయినా చూసి ఎక్కుతాను.

ఇంకొకటుంది. పెద్ద పురుగులు ఆకు మేసేటప్పుడు ఎండుటాకుల మీద వాన పడ్డట్టు చప్పుడవుతుంది. ఆ చప్పుడు నేను బతుకంతా విన్నాను. విన్నప్పుడల్లా ఆకు చాలుతుందా, రేపటికుందా, ఇదే ధ్యాస. ఈ మధ్య ఒక పొద్దున కూర్చుని ఉండగా పురుగుల ఇంట్లో నుంచి ఆ చప్పుడు వచ్చింది. వాన లాగా ఉందనిపించింది. ఆకు గుర్తు రాలేదు. అంతే, చెప్పుకోవడానికి ఇంతకంటే లేదు. కానీ దీన్ని ఎవరైనా మానమంటే ఊరుకోను.

మానమన్నది నా భార్య. ఎందుకన్నదో చెప్పాలంటే చిక్కబళ్లాపురం నుంచి మొదలుపెట్టాలి.

చిక్కబళ్లాపురంలో, బెంగళూరు రోడ్డు పక్కన, అద్దాల గోడలతో ఒక ధ్యానమందిరం కొత్తగా పెట్టారని విని, సరిగ్గా నేర్పుతున్నారో లేదో పరీక్ష చేద్దామని బస్సెక్కాను. నేర్పేవాడు బెంగళూరు యువకుడు, మంచి పిల్లవాడే. నేను చేసేదానికి జెన్ అని పేరుందని నాకు ఆయన దగ్గరే తెలిసింది. అప్పటిదాకా నేను దాన్ని జపాను కూర్చోడం అనేవాణ్ని.

"ఎష్టు హొత్తు కూర్తీరా అజ్జా?" అన్నాడు. ఎంతసేపు కూర్చుంటావని.

"మూడు గంటలు," అన్నాను.

నేను కూర్చునేది మా కోడలు కాఫీ తెచ్చేదాకా. ఆమెకు ఆలస్యమైతే నా సాధన పెరుగుతుంది.

ఆ మాటకు ఆయన ముగ్ధుడైపోయి నన్ను అందరి ముందూ కూర్చోబెట్టాడు. మంచి మెత్త ఇచ్చారు. కూర్చున్నాను. గంట కొట్టారు, అందరూ లేచారు, నేను లేవలేదు. కాళ్లు రెండూ నావి కాకుండా పోయాయి, తిమ్మిరెక్కి. ఆయన వేలు పెదవి మీద పెట్టుకుని, "కదిలించకండి, లోతుగా ఉన్నారు," అన్నాడు. అందరూ నన్ను కళ్లప్పగించి చూస్తున్నారు. కాదని ఎట్లా చెప్పను? కాసేపటికి చెమటలు పట్టి, "కొంచెం పట్టుకొని లేపండప్పా," అన్నాను. ఇద్దరు పట్టుకుని లేపారు.

ఆ తర్వాత ఉపన్యాసంలో ఆయన చెప్పిన రెండు సంగతులు నా బుర్రకెక్కాయి. జపాను మఠాల్లో కునికేవాణ్ని కట్టెతో భుజం మీద కొట్టేవాడు ఒకడుంటాడట. ఇంకొకటి, సన్యాసులు రోజుకు ఒక్క పూటే తినేవాళ్లట, అదీ రుచికి ఆశపడకుండా. కట్టె సంగతి నేను ఎక్కడా ఎత్తలేదు. ఒక్క పూట సంగతి మాత్రం జేబులో వేసుకుని బస్సెక్కాను.

కార్తీకంలో నా భార్య తమ్ముడు బాగేపల్లిలో ఇల్లు కట్టి గృహప్రవేశం చేశాడు. ఆమె పుట్టింటి వాళ్లందరూ వచ్చారు. పంక్తి వేశారు. ఓళిగలు, అదే బొబ్బట్లు, వచ్చాయి, పైన నెయ్యి కారుతూ. నేను ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాను.

"ఏంది బావా, చెయ్యి తీయి. అక్క పుట్టినింటి ఓళిగ ఇది."

"వద్దప్పా. నాకిప్పుడు ఒక్క పూటే. అది కూడా ఊరికే, ఒంటికోసరం. కోరికలు పోయినాక నాలిక్కేం పని?"

"కోరికలు పోయినాయంట, విన్నారా! పోయినసారి ఓళిగల తట్టనే పక్కన పెట్టించుకొని కూర్చుంటివి కదా బావా!"

పంక్తి పంక్తంతా నవ్వింది. నేను కళ్లు సగం వాల్చి చిరునవ్వు నవ్వాను. ఆ చిరునవ్వు చిక్కబళ్లాపురం మందిరంలో ఒక పటంలో చూసి నేర్చుకున్నది. ఎదురు పంక్తిలో నా భార్య ఒక్కతే నవ్వలేదు. నా ఆకునే చూస్తోంది. నా మహిమకు నోట మాట రావడం లేదనుకున్నాను.

సాయంత్రం బాగేపల్లి బస్టాండులో ఆమె తన అక్కచెల్లెళ్లతో మాట్లాడుతున్న సందులో, నేను బస్సుల వెనక నిలబడి మిరపకాయ బజ్జీలు తిన్నాను. ఆకలి కదా.

చెప్పిన మాట నిలబెట్టుకోవాలంటే ఎంత కష్టమో అప్పటి నుంచి తెలిసింది. ఇంట్లో పగటిపూట సంగటి ముద్ద తిని, రాత్రి గిన్నె ముందుకు జరిపితే వెనక్కి జరిపేవాణ్ని. జేబులో చెనిక్కాయలు, అంటే వేరుశనగలు, పెట్టుకుని తోటకు పోయేవాణ్ని. మూడు రోజులకొకసారి చింతామణిలో పని తగిలేది. ఆ పనికి పేరు మసాలా వడ. సాధువుగా ఉండడానికి ఇంత తిండి కావాలని నాకు తెలియదు.

అనపకాయల కాలం వచ్చింది. మా ఇంట్లో నానేసి తోలు పితికిన అనపపప్పు సారు కాగిందంటే వాసన వీధి చివరిదాకా పోతుంది. ఆ రాత్రి నా భార్య నా గిన్నెలో పోసి, ఎదురుగా కూర్చుంది.

"ఒక్క ముద్ద తిను."

"కోరిక లేదు."

మళ్లీ అడుగుతుందనుకున్నాను. మళ్లీ అడిగితే ఒప్పుకోవాలని నిశ్చయించుకుని కూడా ఉన్నాను. ఆమె అడగలేదు. గిన్నె తీసుకుని లోపలికి పోయింది.

ఆ వారంలోనే ఆమె, తనకు మోకాళ్లు నొస్తున్నాయి, చింతామణి డాక్టరు దగ్గరికి తోడు రమ్మంది. పోయాం. డాక్టరు ముందు స్టూలు మీద నన్ను కూర్చోబెట్టి, "నాకి కాదు సార్, ఈయప్పకి," అంది.

"ఏనాగిదె అజ్జా?" అన్నాడు డాక్టరు, ఏమైందని.

నేను నోరు తెరిచేలోపు ఆమె చెప్పింది: "మేత తగ్గిపోయింది. పొద్దున్నే గోడకేసి తిరిగి కూర్చుంటాడు. పిలిస్తే పలకడు."

డాక్టరు నా గుండె విన్నాడు, రక్తం ఒత్తిడి చూశాడు, నవ్వాడు. ధ్యానం మంచిదే కదమ్మా, నేనూ ఫోన్లో పెట్టుకుని చేస్తుంటాను అన్నాడు. తర్వాత నన్ను బరువు మిషను ఎక్కించాడు. పాత చీటీ చూశాడు, మిషను చూశాడు.

"తగ్గలేదమ్మా. పెరిగినారు," అన్నాడు.

బండారం బయటపడింది, ఇప్పుడు ఇక్కడే తిట్లు మొదలవుతాయనుకుని ఆమె ముఖం చూశాను. తిట్టే ముఖం కాదది. రంగు పోయింది.

"ఉబ్బు," అంది, తనలో తను.

బస్సెక్కాం. నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి నా చొక్కా అంచు పట్టుకుని కూర్చుంది, పిల్లవాణ్ని పట్టుకున్నట్టు.

ఇంటికి రాగానే కాళ్లు కడుక్కుని నేరుగా పురుగుల ఇంట్లోకి పోయింది, నన్నూ రమ్మంది. ఇప్పుడు పురుగుల పని అంతా మా కోడలిది. పురుగులు చివరి జ్వరానికి దగ్గరపడ్డాయి, ఆమె తట్టలు చూసుకుంటోంది. నా భార్య ఒక తట్ట ముందు నిలబడి వేలు పెట్టి చూపించింది.

"ఇది చూడు."

ఒక పురుగు తట్ట అంచు పట్టుకుని పోతోంది. నడుమ ఆకు ఉంది, తోటివి మేస్తున్నాయి. అది ఆకు వదిలి, అంచు చుట్టూ, బయటి గోడకేసి తల పెట్టుకుని, పోతోంది. ఒళ్లు ఉబ్బి, కణుపుల దగ్గర పొంగి ఉంది. పాలరోగం. దాని చర్మం చిట్లితే పాలలాంటి నీరు కారి తట్టంతా అంటుకుంటుంది. పట్టు రైతు ఇంట్లో పుట్టిన ఎవరికైనా అది తెలుసు. నా భార్య దాన్ని పుల్లతో ఎత్తి సున్నం గిన్నెలో వేసింది.

"మేత మానింది," అంది. "ఉబ్బింది. అంచుకు పోయి గోడకేసి తిరిగింది. ఇంకేం చెప్పల్ల నీకి?"

నాకు అప్పుడర్థమైంది. ఇన్నాళ్లూ ఆమె నన్ను చూస్తున్నది మొగుడిగా కాదు, పురుగుగా. పురుగు అంటే తక్కువ చేసి అనడం కాదు. ఆమె బతుకులో అంత జాగ్రత్తగా చూసింది ఇంకే ప్రాణినీ లేదు.

నవ్వబోయాను. ఆమె తర్వాతి మాటతో నవ్వు ఆగిపోయింది.

"మా పెద్దన్న ఇట్లే పోయినాడు."

ఆమె పెద్దన్న చనిపోయాడని నాకు తెలుసు. మా పెళ్లికి ముందే. ఎట్లా అన్నది ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడరు. ఆ ఏడు వాళ్ల తట్టలన్నిటికీ పాలరోగం తగిలిందట. తట్టలన్నీ ఆయనే మోసుకుపోయి గుంతలో పోసి, సున్నం చల్లి, వచ్చి వసారాలో గోడకేసి తిరిగి కూర్చున్నాడట. తిండికి పిలిస్తే రాలేదు. ముఖం ఉబ్బింది, కాళ్లు ఉబ్బాయి.

"అన్నం గిన్నె పెట్టేదాన్ని నేనే," అంది. "ఈపు వెనక పెట్టి వచ్చేదాన్ని. ఈపు మాత్రమే కనపడేది. ఇప్పుడు పొద్దున్నే లేస్తే మళ్లీ ఈపు. వద్దప్పా నాకి. మానుకో."

కోడలు తట్ట మీద చేతులు అట్లాగే పెట్టి నిలబడిపోయింది.

ఇక్కడ మంచి మొగుడైతే సరేననేవాడు. నేను అనలేదు. ఆమె మీద ప్రేమ లేక కాదు. నా బతుకులో అన్నీ ఎవరో ఒకరి కోసం చేసినవే. పంట అప్పయ్య కోసం, పెళ్లి అమ్మ కోసం, ఇల్లు పిల్లల కోసం. ఎవరి కోసమూ కాకుండా చేస్తున్నది ఆ గోనెపట్టా మీద కూర్చోవడం ఒక్కటే. దాన్ని భయానికి వదిలేస్తే, రేపు ఇంకో భయానికి ఇంకొకటి వదలాలి.

"మానను," అన్నాను. "నాది రోగం కాదు. జ్వరం."

"జ్వరంలో పురుగు తల ఎత్తుకోనుంటాది. నువ్వు దించుకోనుంటావు."

"కండ్లు దించల్ల. అది పద్ధతి."

"జ్వరం ఒక దినం. నీది కరోనా నుంచి ఉండాది."

పురుగుల విషయంలో ఆమెతో వాదించి గెలిచినవాడు మా తాలూకాలో లేడు. ఇక నా దగ్గర నిజం తప్ప ఏమీ మిగల్లేదు.

"నేను తింటాండా," అన్నాను. "రోజూ తింటాండా. బాగేపల్లి బస్టాండులో బజ్జీలు తింటి. చింతామణిలో వడ తింటాండా. అది ఉబ్బు కాదే, కొవ్వు. ఒక్క పూట అనింది అబద్ధం."

ఆమె నా వైపు జాలిగా చూసింది.

"నా మనసు కోసరం చెప్తాండావు."

"కాదే, నిజం!"

"నీ నిజం నాకి తెలీదా? ఏడాది శిష్యరికం చేస్తినని ఊరంతా చెప్తివి. ఆయప్ప వచ్చింది రెండు పొద్దులు. టీ పోసింది నేనే."

ఇన్నేళ్లు పెంచి పెంచి చెప్పినందుకు నాకు శిక్ష పడింది. ఒక్కసారి ఉన్నదున్నట్టు చెబితే నమ్మేవాళ్లు లేరు. ఆ బజ్జీల కారం నా నాలుక మీద ఇంకా ఉంది, సాక్షికి పిలవడానికి లేదు. నిజంగా భయమేసింది. ఈమె ఇట్లాగే నమ్మకుండా నా వీపు చూస్తూ ఉంటే, ఉబ్బుతున్నానని లెక్క వేసుకుంటూ ఉంటే, ముందు మంచం పట్టేది ఆమె.

అప్పుడు కోడలు నోరు విప్పింది.

"అత్తా, మామ నిజమే చెప్తాండాడు. చొక్కా ఉతికేది నేను కదా. ఎప్పుడు చూసినా జేబులో చెనిక్కాయ పొట్టే. ఆ తెల్ల చొక్కాకు నూనె మరకలు, సోపుకు కూడా పోలేదు. చెప్తే మామ మర్యాద పోతాదని గమ్మునుంటిని."

నా భార్య ఆమెను చూసింది. నన్ను చూసింది. దగ్గరికొచ్చి నా జేబులో చెయ్యి పెట్టింది. తీసి, అరచెయ్యి తెరిచి, ఎర్రటి పొట్టును చాలాసేపు చూసింది. ఆమె గడ్డం వణికింది. ఏడుస్తుందేమో, నేనూ ఏడవాలేమో అని సిద్ధపడుతున్నాను.

"నా పుట్టినింటి ఓళిగ వద్దని," అంది మెల్లగా, "బస్టాండులో బజ్జీ తింటివా?"

ఆ తర్వాత ఆమె అన్నవన్నీ రాయను. బెదిరినవి పురుగులే కాదు. మా ఏడు తరాలూ, జపాను దేశమూ, చిక్కబళ్లాపురం మందిరమూ అన్నీ తిట్లు తిన్నాయి. కోపమనే బస్సు వస్తుంటే దూరం నుంచి చూసే విద్య నాది కదా, ఆ రోజు నిలబడి చూశాను, ఎక్కలేదు. ఎక్కడానికి చోటు కూడా లేదు. రాత్రి పితికిన పప్పు సారుతో రాగి ముద్దలు తిన్నాను, ఆమె కళ్ల ముందే, అడిగి వేయించుకుని. ప్రతి ముద్దా మింగేదాకా చూసింది.

గిన్నె తీస్తూ అంది: "తింటాండావు, సరే. గోడ?"

"గోడ గోడే."

"ఈపు నేను చూడను."

"చూడొద్దు. వంటింట్లో ఉండు."

గిన్నె కడగడానికి పోయింది.

మర్నాడు పొద్దున చలిలో వసారాలో గోనెపట్టా వేసుకున్నాను. జెన్‌లో గోడకు వీపు పెట్టి, మనుషుల వైపు తిరిగి కూర్చునే వాళ్లు కూడా ఉన్నారట, చిక్కబళ్లాపురం పిల్లవాడు చెప్పాడు. తిరగొచ్చు. తిరిగితే గొడవే లేదు. కానీ ఈ రోజు తిరిగితే రేపు లేవమంటారు. గోడకేసే కూర్చున్నాను. ఒకటి. రెండు.

వెనక నుంచి పీట ఈడ్చిన చప్పుడు. నా భార్య పీటా, నానిన అనపగింజల గిన్నె, ఖాళీ చాటా తెచ్చుకుని, నా మోకాలు దాటుకుని పోయి, గోడకూ నాకూ నడుమ పీట వేసింది. గోడకు వీపు ఆనించి, నా ముఖానికి ఎదురుగా కూర్చుంది.

"లేయి," అన్నాను.

"ఏంటికి?"

"గోడ కనపడలేదు."

"నువ్వు గోడకేసి కూర్చో, నేనేం వద్దనలేదు. నేను గోడకానుకొని కూర్చుంటాండా. నా ఇల్లు కాదా ఇది?"

నేను మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాను. ఆమె గింజలు పితకడం మొదలుపెట్టింది. రెండు వేళ్ల నడుమ ఒత్తితే పప్పు చిటుక్కున జారి గిన్నెలో పడుతుంది, తోలు చాటలో పడుతుంది. నా కళ్లు సగం వాలి ఉన్నాయి కాబట్టి నాకు కనిపించేది ఆమె చేతులే. వేళ్ల సందుల్లో నీళ్లు, గాజులు, పచ్చి అనప వాసన. ఒకటి. చిటుక్. రెండు. చిటుక్. లేవకపోవడంలో ఆమె నాకంటే గట్టిది.

ఆ రోజు నుంచి ఇదే వరస. అనపకాయలు అయిపోతే చింతపండుకు గింజలు తీసి పక్కన దాచింది, అదీ అయితే బియ్యంలో రాళ్లు ఏరింది. రాళ్లు లేని బియ్యం అది, మిల్లు బియ్యం. ఏమీ చేయకుండా కూర్చోవడం మాత్రం ఆమెకు ఇప్పటికీ రాదు, నేర్పుతానంటే వద్దంది. నేనూ ఆమె చెప్పినట్టు మానలేదు. గోడ అక్కడే ఉంది, నేనూ దానికేసే కూర్చుంటున్నాను. కనిపించడం మాత్రం ఆమె ముఖం కనిపిస్తుంది. దాచకుండా రాస్తే, గోడ ఇంతకంటే నెమ్మదస్తురాలు.

ఒక్క నష్టం జరిగింది. ఇన్నేళ్లూ నా వీపు చూసిన వాళ్లెవరికీ తెలియని సంగతి ఆమెకు మొదటి వారంలోనే తెలిసిపోయింది. ఏడో ఎనిమిదో ఊపిరి దగ్గర నేను కునుకుతాను. లోతుగా ఉన్నానని చెప్పి చూశాను. నమ్మలేదు. చిక్కబళ్లాపురంలో విన్న ఆ కట్టె సంగతి నేను ఎవరికీ చెప్పలేదని రాశాను కదా. చెప్పనక్కరలేకపోయింది.

ఈ పొద్దున కూడా నా నుదుటికి గురి చూసి ఒక చింతగింజ వచ్చి తగిలింది.

"గురక పెడతాండావు. ఒకటి నుంచి మొదలుపెట్టు."

"ఆ లెక్క నీకెట్ల తెలుసు?"

"ఆయప్ప నీకి చెప్పేటప్పుడు టీ గ్లాసు పట్టుకొని నీ ఎనకాలే నిలబడుంటిని. కూర్చో, కూర్చో. కాఫీ ఇంకా రాలేదు."

నడుము నిటారు చేశాను. ఒకటి.